గీత పడిన కెమెరాని రుద్దకండి

సీసీ కెమెరా అద్దం మీద గీత పడిందని ఎవరితోనైనా అని చూడండి. వెంటనే వచ్చే సలహా ఒకటే: కాస్త తెల్ల టూత్‌పేస్ట్ తీసుకుని మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దండి, పోతుంది. ఈ మాట ముందు వాచీ అద్దాలకి చెప్పారు, తర్వాత కళ్ళజోళ్ళకి, సెల్‌ఫోన్లకి చెప్పారు, ఇప్పుడు కెమెరాల దాకా వచ్చింది. చెప్పేవాళ్ళు సాయం చేద్దామనే చెబుతారు. కానీ నా మాట ఇది: గీత వల్ల కెమెరా పాడయ్యేదానికంటే, ఆ గీతని పోగొడదామని రుద్దడం వల్లే ఎక్కువ పాడవుతుంది. చాలా గీతల్ని ముట్టుకోకుండా వదిలేయొచ్చు. వదలడానికి వీల్లేని గీత అయితే పై కవరు తిప్పాలి, లేదా మార్చాలి. పేస్టుతో, పాలిష్‌తో బాగయ్యేవి చాలా తక్కువ.

శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో మా బావకి షాపు ఉంది. పైపులు, పెయింట్లు, శానిటరీ సామాను అమ్ముతారు. షట్టర్ పైన ఒక డోమ్ కెమెరా, అంటే గిన్నె బోర్లించినట్టు గుండ్రటి కవరున్నది; గోడౌన్ సందులోకి ఒక బుల్లెట్ కెమెరా, అంటే పొడుగ్గా గొట్టంలా ఉండేది. డోమ్ కవరు మీద సన్నటి గీతలు పడితే సర్వీసుకి వచ్చిన కుర్రాడు నిచ్చెనెక్కి, పేస్టు రాసి, బాగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి దిగాడు. పగలు ఫోన్‌లో చూస్తే బొమ్మ శుభ్రంగా ఉంది. కవరు వైపు కిందనుంచి చూస్తే గీతలు కూడా కనబడలేదు. పని అయిందనుకుని డబ్బులిచ్చి పంపేశారు. ఆ తర్వాత ఒక రాత్రి షాపు బయట పెట్టిన పైపుల కట్టలు పోయాయి. రికార్డింగ్ తీసి చూస్తే ఒక బండి వచ్చింది, ఎవరో దిగారు, ఏదో ఎత్తారు. అంతా తెల్లటి పొర వెనకాల. మనిషి ఉన్నాడని తెలుస్తోంది, ముఖం తెలియదు. బండి ఉందని తెలుస్తోంది, నంబరు తెలియదు.

"ఏటి బాబూ ఇది, మంచు రోజులు కూడా కావు, ఇంత తెల్లగా కనిపిస్తంది? ఆ గుంటడు రుద్దినప్పుడు బాగానే ఉంది కదా" అని బావ అడిగారు. ఆయన అడిగింది సరైన ప్రశ్న. పగలు బాగున్నది రాత్రి ఎందుకు చెడిందో అర్థమైతే మిగతా అంతా దానంతట అదే అర్థమవుతుంది.

పగలు వెలుతురు ఆకాశం నుంచి వస్తుంది, వస్తువుల మీద పడి కెమెరాలోకి వెళ్తుంది. రాత్రి అలా కాదు. కెమెరా తన వెలుగు తానే వేసుకుంటుంది. లెన్సు చుట్టూ ఉండే చిన్న ఎల్ఈడీలు ఇన్‌ఫ్రారెడ్ కాంతినిస్తాయి, వాటిలో ఎక్కువ 850 నానోమీటర్ల రకం. మన కళ్ళకి అది దాదాపు కనబడదు, చీకట్లో దగ్గరగా చూస్తే మసక ఎరుపు మాత్రం తెలుస్తుంది. డోమ్ కెమెరాలో ఈ ఎల్ఈడీలు, లెన్సు రెండూ ఒకే ప్లాస్టిక్ కవరు వెనకాల ఉంటాయి. కవరు నున్నగా ఉంటే కాంతి నేరుగా బయటికి పోతుంది. గరుకుగా ఉంటే అందులో కొంత అక్కడే చెదిరి, వెనక్కి తిరిగి లెన్సులో పడుతుంది. పది మీటర్ల అవతల మనిషి ముఖం మీద పడి తిరిగొచ్చే కాంతి ఎంత? చాలా కొంచెం. కవరు మీద చెదిరి వచ్చేది దానికంటే ఎంతో ఎక్కువ. పైగా కెమెరా ఆ తెల్లదనాన్ని చూసి, ఇక్కడ వెలుతురు ఎక్కువగా ఉందని లెక్కగట్టి, ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుతురు, తగ్గించేస్తుంది. దాంతో అసలు చూడాల్సిన మనిషి ఇంకా చీకట్లోకి పోతాడు.

మరి గీత గీతలాగా ఎందుకు కనబడదు? ఇళ్ళకి, షాపులకి మామూలుగా పెట్టేవి 2.8 లేదా 3.6 మిల్లీమీటర్ల లెన్సులు. వాటి ఫోకస్ కొద్ది అడుగుల దూరం నుంచి మొదలై వీధి చివరిదాకా ఉంటుంది. ముక్కుకి ఆనుకుని ఉన్న కవరు మీది గీత ఎప్పుడూ ఫోకస్‌లోకి రాదు. అందుకే స్క్రీన్ మీద గీత కోసం వెతికేవాళ్ళకి ఏమీ దొరకదు. అది వేరే రూపంలో కనబడుతుంది: నలుపు బూడిద రంగులోకి మారుతుంది, ఎదురుగా వచ్చే బండి హెడ్‌లైట్ చుట్టూ చారలు వస్తాయి, పొద్దున్నే ఎండ ముఖాన పడితే సగం బొమ్మ తెల్లబడుతుంది. ఒక్క లోతైన గీత కాంతిని ఒకటి రెండు వైపులకే చెదరగొడుతుంది. కంటికి కనబడని వేల సన్న గీతలు అన్ని వైపులకీ చెదరగొడతాయి. ఆ కుర్రాడు చేసింది సరిగ్గా ఇదే. పది గీతల్ని కంటికి కనబడకుండా చేయబోయి సగం కవరంతా గరుకు చేశాడు.

టూత్‌పేస్ట్‌లో పళ్ళమీది పాచిని గీకే పొడి ఉంటుంది, కాల్షియం కార్బొనేట్ గానీ సిలికా గానీ. పంటికి పనికొచ్చే గరుకుదనం కెమెరాకి ఎందుకు పనికిరాదంటే, ముందు అద్దం సంగతి చూడండి. మామూలు గాజు ఒక్కో తలం దగ్గర సుమారు 4 శాతం కాంతిని వెనక్కి తిప్పికొడుతుంది. అది తగ్గించడానికి లెన్సుల మీద చాలా పల్చటి పూత వేస్తారు. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూతైతే దాని మందం దాదాపు 100 నానోమీటర్లు, అంటే మీటరులో కోటోవంతు. పేస్టు పెట్టి రుద్దితే గాజు మీది లోతైన గీత పోదు, ఈ పూత మాత్రం పోతుంది. పోయిన పూతని ఇంట్లో ఎవరూ మళ్ళీ వేయలేరు.

ఇక డోమ్ కవర్లు గాజు కావు, ఎక్కువగా పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. రాయి విసిరినా పగలదు, అందుకే దాన్ని వాడతారు. కానీ గీతకి చాలా మెత్తన. ఆ లోటు పూడ్చడానికి మంచి కవర్ల మీద గట్టి పూత ఇస్తారు. దాన్ని రుద్ది తీసేశాక లోపలి మెత్తటి ప్లాస్టిక్ బయటపడుతుంది, ఇక ప్రతి తుడుపూ ఒక కొత్త గీతే. పెయింట్ షాపు కాబట్టి బావ వాళ్ళ దగ్గర థిన్నర్ డబ్బాలు వరసగా ఉంటాయి, చేతికి అందుతాయి. అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: థిన్నర్, అసిటోన్, పెట్రోలు పాలికార్బొనేట్‌కి తగలకూడదు. సన్నటి పగుళ్ళు వచ్చేస్తాయి. అమోనియా కలిసిన అద్దాల క్లీనర్లు కూడా వద్దు.

పాలిష్ అంటే ఏమిటో టెక్కలి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గ్రానైట్ యూనిట్లలో పలకని ముతక రాయితో మొదలుపెట్టి, ఒక్కో నంబరూ సన్నం చేసుకుంటూ, నీళ్ళు పోస్తూ, పలకంతా ఒకే మట్టానికి తెస్తారు. మధ్యలో ఒక నంబరు దాటేస్తే ఆ మచ్చ చివరిదాకా మిగిలిపోతుంది. గీతని పూడ్చడం ఉండదు, చుట్టూ ఉన్న తలాన్నంతా గీత అడుగుదాకా దించడమే పాలిష్. కెమెరా కవరుకీ అంతే. వేలికొసతో, ఒకే రకం పేస్టుతో, గీత ఉన్నచోటే రుద్దితే అక్కడ చిన్న గుంట పడుతుంది. ఆ గుంట గుండా చూసిన బొమ్మ వంకర పోతుంది.

కారు హెడ్‌లైట్లు పాలిష్ చేస్తారు కదా, అవీ పాలికార్బొనేటే కదా అంటారు. నిజమే. నీళ్ళతో తడిపి వాడే 1000, 2000, 3000 నంబరు ఉప్పుకాగితాలతో వరసగా రుద్ది, ప్లాస్టిక్ పాలిష్ పెట్టి, పైన కొత్త పూత వేస్తే అవి బాగా తేరుకుంటాయి. కానీ హెడ్‌లైట్ కవరు పని వెలుగుని బయటికి పంపడం ఒక్కటే, అందులోంచి బొమ్మ తీసేవాళ్ళు లేరు. కెమెరా కవరు వెలుగునీ పంపాలి, బొమ్మనీ చెడగొట్టకూడదు. కవరు విడిగా ఎక్కడా దొరకదని తేలాక, దాన్ని విప్పి చేతిలో పెట్టుకుని, మొత్తం తలాన్ని ఒకేలా పాలిష్ చేస్తానంటే నేను కాదనను. నిచ్చెన మీద నిలబడి పేస్టు రుద్దడం మాత్రం ఆ పని కాదు.

గీత పడిందని తెలిశాక ముందు చేయాల్సింది అది ఎక్కడుందో చూడటం. జనం లెన్సు మీద గీత అంటారు గానీ నిజంగా లెన్సు మీద పడేది చాలా అరుదు. డోమ్‌కి కవరు మీద పడుతుంది. బుల్లెట్‌కి ముందున్న చదును అద్దం మీద పడుతుంది, లెన్సు దాని వెనకాల ఉంటుంది. టరెట్ రకం, అదే కనుగుడ్డులా తిరిగేది, దానికి పెద్ద కవరు ఉండదు కాబట్టి ఈ రాత్రి తెల్లదనం బెడద తక్కువ. దుమ్ము ఎక్కువున్న చోట కొత్తగా కొనేవాళ్ళు డోమ్ బదులు అది తీసుకోవడం మంచిదని నా సలహా. చీకటి పడ్డాక టార్చ్‌లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తే గీత ఎక్కడుందో, మురికి ఎక్కడుందో విడివిడిగా తెలుస్తాయి. చాలాసార్లు తేలేదేమిటంటే గీత కారణమే కాదు: సాలెగూడు, నూనె చేతి ముద్ర, వాన చినుకు ఎండిన మరక. బుల్లెట్ కెమెరాలోనైతే లెన్సు చుట్టూ ఉండే ఫోమ్ రింగు పక్కకి జరిగినా, పక్కనున్న ఎల్ఈడీ వెలుగు లోపలే లెన్సులోకి పాకి ఇదే తెల్లదనం వస్తుంది. బయట ఎంత రుద్దినా అది పోదు.

బావ వాళ్ళ డోమ్‌కి మేం కొత్తది ఏదీ కొనలేదు. లెక్క చూడండి. 2.8 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ లెన్సు, ఎఫ్/2.0 అయితే (అంటే 2.8ని 2తో భాగించాలి), కాంతి లోపలికి దూరే కంత వ్యాసం 1.4 మిల్లీమీటర్లే. అంటే లెన్సుకి బొమ్మ అందేది కవరులో దానికెదురుగా ఉన్న భాగం గుండానే. వెనకవైపు కవరు ఎలా ఉన్నా దానికి పట్టదు. కుర్రాడు రుద్దింది వీధివైపు సగం. గోడవైపు సగం కొత్తదానిలా ఉంది. కవరు రింగు విప్పి, సగం చుట్టు తిప్పి బిగించాం. రాత్రి బొమ్మలో నలుపు మళ్ళీ నలుపైంది, ఎదుటి షాపు బోర్డు మీది అక్షరాలు చదవగలిగాం. గుండ్రటి కవరున్న డోమ్‌లకి చాలావాటికి ఇది చేయొచ్చు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇంత తేలికైన పని పేస్టు సలహా ముందు ఎందుకు వెనకపడిపోయిందో నాకు బాధగా ఉంటుంది.

తిప్పడానికి వీల్లేని కెమెరాకి ఇంకో దారి ఉంది. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని సెట్టింగ్స్‌లో ఆపేసి, ఒకటి రెండు మీటర్ల పక్కన వేరే లైటు పెట్టండి. మామూలు ఎల్ఈడీ బల్బు వేసినా సరే, విడి ఇన్‌ఫ్రారెడ్ లైటు పెట్టినా సరే. వెలుగు కవరు లోపలినుంచి పుట్టనప్పుడు, కవరు మీది గీత చెదరగొట్టేది చాలా తగ్గిపోతుంది. గీత అక్కడే ఉంటుంది, బొమ్మ తేరుకుంటుంది. బ్రైట్‌నెస్, షార్ప్‌నెస్ పెంచి చూద్దామనేవాళ్ళు ఉన్నారు. తెల్లపొరని కూడా అవి పెంచుతాయి తప్ప, లోపలికి రాని ముఖాన్ని తెచ్చిపెట్టలేవు.

గీత నిజంగా లెన్సు మీదే ఉంటే, లెన్సే మార్చొచ్చని చాలామందికి తెలియదు. ఫిక్స్‌డ్ లెన్సు కెమెరాలు ఎక్కువ వాటిలో ఎం12 మర లెన్సు ఉంటుంది, విప్పి అదే ఫోకల్ లెంగ్త్‌ది బిగించి, ఫోకస్ సరిచేయాలి. లోతుగా చిట్లిన చోట నల్ల సిరా నింపడం కెమెరా పనివాళ్ళ పాత పద్ధతి. చెదరగొట్టే చోటు కాస్తా నల్లగా కాంతిని మింగేస్తుంది. అయితే చాలా మార్కర్ పెన్నుల నలుపు ఇన్‌ఫ్రారెడ్‌కి నలుపు కాదు, దానిగుండా ఆ కాంతి దూసుకుపోతుంది. కార్బన్ కలిసిన ఇండియన్ ఇంకే పనిచేస్తుంది. ఇంకో హెచ్చరిక: ఐపీ66, ఐపీ67 అని, అంటే దుమ్ము, నీళ్ళు లోపలికి పోవని, రాసి ఉన్న బుల్లెట్‌ని వానాకాలం తేమలో విప్పకండి. ఆ తేమ లోపలే ఉండిపోయి, రాత్రి చల్లబడ్డాక అద్దానికి ఆవిరి పడుతుంది. ఎండ కాసే పొడి రోజున విప్పి, రబ్బరు సీలు సరిగ్గా కూర్చోబెట్టి బిగించాలి.

అసలు గీతలు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఎవరో మేకుతో గీస్తున్నారని మన అనుమానం. నేను చూసినంతలో గీతలు గీసేది తుడిచే చెయ్యే. గట్టిదనాన్ని మోస్ కొలతలో చెబుతారు. క్వార్ట్జ్ 7, కిటికీ గాజు సుమారు 5.5, పాలికార్బొనేట్ ఇంకా ఎంతో కింద. ఇసుక అంటే ఎక్కువగా క్వార్ట్జే. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రెండూ ఉంటాయి. టెక్కలి రోడ్ల మీద రాళ్ళ లారీలు తిరిగే చోట, పాలిష్ యూనిట్ల బురద ఎండి లేచే చోట, కెమెరా మీద కూర్చునే దుమ్ము గాజుకంటే గట్టిది. దాని మీద పొడిగుడ్డ వేసి ఒత్తి తుడిస్తే ఉప్పుకాగితం వాడినట్టే పని జరుగుతుంది. పొందూరు సన్న ఖద్దరు తెచ్చి తుడిచినా, కింద ఇసుక రేణువుంటే గీత పడి తీరుతుంది. భావనపాడు, కళింగపట్నం, బారువ వైపు సముద్రం గాలికి ఉప్పు పేరుకుంటుంది. ఉప్పు గాజుని గీయదు గానీ ఇసుకని అంటిపెట్టుకుని ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ గాలి మోసుకొచ్చిన ఇసుక, ఉప్పు ఉద్దానం ఊళ్ళలో ఇళ్ళ కిటికీలకి ఎలా అంటుకున్నాయో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా.

కాబట్టి ముందు ముట్టుకోకుండా దుమ్ము ఊదేయాలి, ఫొటోలవాళ్ళు వాడే రబ్బరు బల్బు ఉంటే మంచిది. తర్వాత మంచినీళ్ళు ధారగా పోయాలి. ఆ తర్వాతే, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్ళలో తడిపిన మెత్తటి నూలుగుడ్డ, ఒత్తకుండా. చీపురుతో దులపడం, కొంగుతో తుడవడం, ఖాళీ చేత్తో రాయడం ఆపేస్తే సగం గీతలు పడవు.

కొందరు అంటారు: ఇదంతా ఎందుకు, తక్కువ ధర డోమ్ రెండు వేలలోపే వస్తోంది, కొత్తది పెట్టుకుంటే పోలా? డబ్బున్నవాళ్ళు పెట్టుకోవచ్చు. కానీ కొత్త కెమెరాని అదే గోడకి కొట్టి, అదే గుడ్డతో, అదే చేత్తో తుడిస్తే అది కూడా అదే దారి పడుతుంది. పైగా లోపల బొమ్మ తీసే భాగమంతా బాగుండగా, ఒక ప్లాస్టిక్ గిన్నె కోసం మొత్తం పారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కెమెరాలు అమ్మే దుకాణాల్లో వైర్లు, అడాప్టర్లు, కనెక్టర్లు దొరుకుతాయి. కవరు విడిగా అడిగితే చాలాచోట్ల వింతగా చూస్తారు. శ్రీకాకుళం, విజయనగరం డీలర్లు తాము ఎక్కువగా అమ్మే రెండు మూడు మోడళ్ళకైనా కవర్లు తెప్పించి పెట్టాలి. కొనేటప్పుడే మనం అడగాలి: దీనికి కవరు విడిగా వస్తుందా? రాదంటే ఇంకోటి చూపించమనాలి.

నాకు గీత కంటే ఎక్కువ కోపం తెప్పించేది ఎవరూ చూడకపోవడం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, వందమందికి పైగా జనం చేరే సంస్థలు కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 30 రోజులు దాచాలని చెప్పింది. అప్పటినుంచి కళ్యాణ మండపాలు, ఆసుపత్రులు, షాపింగ్ మాల్స్ గోడలకి కెమెరాలు వచ్చాయి. ఉన్నాయా అని అడిగేవాళ్ళున్నారు, రాత్రి ఏం కనబడుతోందని అడిగేవాళ్ళు లేరు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో పోలీస్ స్టేషన్ల కెమెరాల గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం నాకు ఇందుకే నచ్చింది. రాత్రిపూట కనబడేవి పెట్టాలంది, వాటి పనితీరు, నిర్వహణ, రికార్డింగ్ బాధ్యత ఆ స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దేనని మనిషిని చూపించి చెప్పింది. మన అపార్ట్‌మెంట్లలో, కాలనీల్లో ఆ మనిషి ఎవరు? వాచ్‌మన్ తుడుస్తాడు, సెక్రటరీ బిల్లు కడతారు, టెక్నీషియన్ చెడిపోయాక వస్తాడు. బొమ్మ చూసే పని ఎవరిదీ కాదు.

దొంగతనం జరిగాక ఫుటేజీ కోర్టుకి వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. 2024 జూలై 1కి ముందు ఎవిడెన్స్ యాక్ట్‌లో 65బి అనేవాళ్ళు. ఆ కాగితం రికార్డు ఏ మిషన్ నుంచి ఎలా వచ్చిందో చెబుతుంది, అంతే. బొమ్మలో లేని ముఖాన్ని ఏ సర్టిఫికెట్టూ తీసుకురాలేదు. బావ కంప్లైంట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు స్టేషన్‌లో వాళ్ళు ఫుటేజీ చూసి, ఇందులో ఏముంది సార్ అని అడిగారు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు.

అందుకే సర్వీసు కాంట్రాక్టు రాసుకునే కమిటీలకి నా విన్నపం: "కెమెరాలు శుభ్రం చేయుట" అన్న వాక్యం పక్కన ఇంకో రెండు రాయించండి. శుభ్రం చేసిన రోజు రాత్రి, పది మీటర్ల దూరంలో ఒక మనిషిని నిలబెట్టి, ముఖం తెలుస్తోందో లేదో ఫొటో తీసి చూపించాలి. కవరు మీద పేస్టు గానీ పాలిష్ గానీ థిన్నర్ గానీ మన అనుమతి లేకుండా వాడకూడదు. ఆ ఫొటో చూసి సంతకం పెట్టేవాళ్ళ పేరు కూడా అందులోనే రాయండి, అది చూశాకే డబ్బులివ్వండి.